ఇద్దరు అంకమ్మరావులు

“ఉద్యోగం మానెయ్యమని ఎన్నాళ్ళు చెప్పాలి నీకు?” ఏసుబాబు ఇడ్లీ పళ్ళెం పక్కకు నెట్టాడు. “కళ్ళు పోయాక ఎవడు చూస్తాడు?”

“మీరు చూడరా?” అంది జయకుమారి, కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

“వాడా! కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు,” అంది అత్తగారు. కూతురు శాంతి కిసుక్కున నవ్వింది.

బ్రాడీపేటలో ఒక రక్తనిధిలో జయకుమారిది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. రక్తం ఇచ్చేవాళ్ళ కార్డులు రాసి, మూలన ఎర్రసిరాతో నంబరు వేసేది. కిందటేడు కంప్యూటరు పెట్టిన ఇంజనీరు, “పేరు, ఊరు, వయసు ఉన్నాయిగా మేడమ్, నంబరెందుకు?” అని తెర మీద దానికి గడే పెట్టలేదు.

ఆ రోజు వినుకొండ వైపు నుంచి వచ్చిన అంకమ్మరావు తన కార్డు ఇచ్చాడు. కార్డులో బి పాజిటివ్. తెర మీద ఓ పాజిటివ్. అది కొట్టింది తనే. గబగబా దిద్దబోయింది. పేరు, ఊరు, వయసు, గ్రూపు అన్నీ ఒకేలా ఉన్న వరుసలు రెండున్నాయి, ఏది మార్చాలో తెలియడం లేదని కంప్యూటరు మొరాయించింది. నాలుగుసార్లు నొక్కినా అదే మాట.

“మీ ఊళ్ళో ఇంకో అంకమ్మరావు ఉన్నాడా?”

“మా బాబాయి కొడుకండీ. ఇద్దరికీ తాత పేరే. పుట్టిందీ ఒకే ఏడు. అన్నానికి పిలిస్తే ఇద్దరం పలుకుతాం, పనికి పిలిస్తే ఒక్కడూ పలకడు.”

ఆమె నవ్వలేకపోయింది. ఇంజనీరుకు ఫోన్ చేసింది.

“రెండోది డూప్లికేట్ మేడమ్. తీసేయండి.”

“డూప్లికేట్ కాదు బాబూ, మనిషి.”

మధ్యాహ్నం డాక్టరుగారి గదిలో నిలబడి, పాత నంబర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలంది.

“ఏడు వేల కార్డులు! ఎవరు కూర్చుంటారమ్మా?”

“నేనే సార్.”

“మీవారు మానెయ్యమంటున్నారని చెప్పారుగా?”

ఆమె వెళ్ళి కార్డుల డబ్బాలు కిందికి దించింది. నడుం పట్టేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కొంగుతో ఒత్తుకుని, సాయంత్రందాకా మొదటి డబ్బాలోని కార్డులే తీసి సర్దింది.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక తనూ కూర్చుంది. పప్పు కలుపుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది:

“ఒకాయన రక్తం గ్రూపు తప్పు కొట్టాను. చూపు ఆనడం లేదు. క్రిస్మస్‌కి మానేస్తాను. అప్పటిదాకా, శాంతీ, ఆదివారాలు చర్చి అయ్యాక నువ్వొచ్చి నంబర్లు చదువు. నేను కొడతాను.”