మిస్ విల్మా డబ్బా మూత

కెండ్రాకి ఉన్న భయాలన్నిట్లోకీ పెద్దది ఒకటే: నాలుగేళ్ల కూతురు మేసీ ఏదో ఒకనాడు గంజాయి జెల్లీ నోట్లో వేసుకుంటుందని. ఊళ్లో ఆ జెల్లీలు అమ్మేది కెండ్రాయే. అంటే భయపడటానికి జీతం కూడా ఇస్తున్నారన్నమాట.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం జనం ఓట్లేసి గంజాయిని చట్టబద్ధం చేసుకున్నాక, నది ఒడ్డునున్న ఆ ఊరికి కూడా అభివృద్ధి నడిచొచ్చింది. ఏళ్లతరబడి మూతబడి ఉన్న వీడియో క్యాసెట్ల కొట్టుకి అద్దాల తలుపులు పెట్టి, కుండీల్లో ప్లాస్టిక్ మొక్కలు పెట్టి, గంజాయి దుకాణం చేశారు. గుమ్మం దగ్గర కాపలాకి రిటైరైన పోలీసాయన కుదిరాడు. జేబులో చిటికెడు గంజాయి దొరికిందని కుర్రాళ్లకి పాతికేళ్లపాటు బేడీలు వేసిన చేతులతోనే ఇప్పుడు "దయచేయండి" అంటూ తలుపు తీస్తున్నాడు. అనుభవం ఎక్కడికి పోతుంది.

పదకొండో తరగతిలో కడుపుతో బడి మానేసిన కెండ్రాకి ఆ ఊళ్లో అంతకంటే మంచి ఉద్యోగం లేదు. ఆరోగ్య బీమా ఉంది, కూర్చోవడానికి స్టూలు కూడా ఉంది. సరుకు చేతికిస్తూ "పిల్లలకి అందకుండా దాచండి" అని ప్రతివాళ్లకీ చెప్పాలి. చెప్పి చెప్పి, ఒకరోజు కిరాణాకొట్టులో పాలు కొని వస్తూ అక్కడి అమ్మాయికి కూడా చెప్పేసింది.

ఆమె పనిలో ఉండగా మేసీని చూసుకునేది పక్క ట్రైలరులో, అంటే చక్రాలమీది రేకుల ఇంట్లో ఉండే మిస్ విల్మా. డెబ్భై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు బడి వంటింట్లో గరిటె తిప్పిన చేతులు కీళ్లనొప్పులకి వంకరపోయి, వేళ్లన్నీ ఒకపక్కకి ఒరిగి ఉంటాయి. డాక్టరు మాత్రలు పడక, దుకాణం తెరిచిన మొదటి వారంలోనే జెల్లీల కోసం వచ్చింది.

"మీ కాపలావాడు నాకు ఇరవై ఒకటి నిండిందో లేదో చూడాలంటాడేంటే. చిన్నప్పుడు వాడికి బడిలో అన్నం పెట్టింది నేను" అంది.

"రూలు, మిస్ విల్మా."

విల్మా జెల్లీల డబ్బా అందుకుంది. పిల్లలు తీయకుండా చేసిన మూత అది, అదిమిపట్టి తిప్పితే తప్ప రాదు. రెండుసార్లు ప్రయత్నించి, కెండ్రా వైపు తోసింది. "ఇది తీసిపెట్టు పిల్లా. ఇంటికెళ్లాక నావల్ల కాదు."

"ఇక్కడ తీయకూడదండీ. సీలుతోనే బయటికెళ్లాలి. అదీ రూలే."

"అయితే మీ రూలుని సాయంత్రం మా ఇంటికి పంపు. అదే వచ్చి తీస్తుంది."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. కెండ్రా కూడా నవ్వి, తర్వాతివాళ్లని పిలిచింది.

మూడు వారాల తర్వాత ఒక గురువారం నాలుగున్నరకి కెండ్రా పని ముగించుకుని విల్మా ఇంటికి వెళ్లేసరికి, మేసీ నేలమీద దుకాణం ఆట ఆడుతోంది. వయసు చూడాలని ఎలుగుబంటి బొమ్మని లైసెన్సు అడిగింది. దానికి ఇరవై ఒకటి నిండలేదని వెనక్కి పంపేసింది. కెండ్రా మురిసిపోయింది, తన కూతురు కాపలాయన కంటే నయమని.

"మీకేం కావాలమ్మా?" అంది మేసీ. సోఫా పక్కనున్న బల్లమీంచి విల్మా డబ్బా తీసి, చిన్న అరచేతులు రెండూ మూతమీద పెట్టి అదిమి తిప్పింది. టక్కుమని వచ్చేసింది.

కెండ్రా డబ్బా లాక్కుని, పిల్ల నోట్లో వేలుపెట్టి చూసింది. "తిన్నావా? ఎప్పుడైనా తిన్నావా?"

"అవి మిస్ విల్మా చేతులకి" అంది మేసీ, వేలు పక్కకి నెట్టి. "నాది పిప్పరమెంటు."

వంటింట్లోంచి మకరోనీ గిన్నె మోచేతుల మధ్య పట్టుకుని విల్మా వచ్చింది.

"మూత దీనిచేత తీయిస్తున్నారా, మిస్ విల్మా?"

"మరెవరు తీస్తారు? నిన్నడిగాను, రూలన్నావు. రోజూ ఒక్కసారి, నా ఎదురుగా తీస్తుంది, మూస్తుంది. ఒక పిప్పరమెంటు ఇస్తాను."

"అది చంటిపిల్లండీ."

"అందుకేగా వేళ్లు పనిచేస్తున్నాయి."

కెండ్రా విషాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. వాళ్లు చెప్పినట్టు మేసీని గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించింది, కళ్లలోకి చూసింది. మేసీ శుభ్రంగా మకరోనీ తిని, ఇంకాస్త అడిగింది. ఇంకెప్పుడూ ఇక్కడ వదలనని చెప్పేద్దామనుకుంది కెండ్రా. రేపు మళ్లీ ఎనిమిదిన్నరకి పనిలో ఉండాలి. పిల్లని చూసుకునేవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

మర్నాడు మేనేజరు ట్రెంట్ దగ్గరికి డబ్బా పట్టుకెళ్లింది.

"మా నాలుగేళ్ల పిల్ల దీన్ని తీసేస్తోంది."

"పిల్లలు తీయలేరు. ఇది పరీక్ష పాసైన డబ్బా. పదిమంది పిల్లల్లో ఎనిమిదిమంది తీయలేకపోతే చాలు."

"మిగతా ఇద్దరూ?"

"చురుకైన పిల్లలన్నమాట. సంతోషించు."

"ముసలివాళ్లతో పరీక్ష చేయించరా?"

"ఎందుకు చేయించరు? డెబ్భై ఏళ్ల వరకూ చేయిస్తారు."

"ఇది కొన్నావిడకి డెబ్భై ఎనిమిది."

"అయితే ఆవిడ లెక్కలోకి రాదు" అన్నాడు ట్రెంట్, చిక్కు విడిపోయినంత హాయిగా.

ఆ సాయంత్రమే కెండ్రా డబ్బాని తన ఇంటికి తెచ్చి, తాళమున్న పెట్టెలో పెట్టింది. రోజూ మేసీని ఇంటికి తీసుకొచ్చాక ఒక జెల్లీ పట్టుకెళ్లి విల్మా నోట్లో తనే వేసి వస్తుంది.

"ఇంటింటికీ తిరిగి సరఫరా చేస్తున్నావే" అంది విల్మా మొదటిరోజు. "మునుపైతే దీనికి మీ కాపలావాడు నిన్ను జీపెక్కించేవాడు."

"మీరడిగిన రోజే తీసిపెట్టాల్సింది" అంది కెండ్రా.

"తీసుంటే నీ ఉద్యోగం పోయేది. నోరు మూసుకుని వెళ్లు, పిల్ల ఒక్కతే ఉంది."

శనివారాలతోనే వచ్చింది చిక్కు. ఆ రోజు రద్దీ ఎక్కువని కెండ్రాని తొమ్మిదింటిదాకా ఉంచేస్తారు. పొద్దున్నే ఒకటి తీసి సాసర్లో పెట్టి వెళ్తానంటే విల్మా ఒప్పుకోలేదు. "పిల్ల తిరిగే ఇంట్లో విప్పిన జెల్లీ వద్దు" అంది. శనివారం సాయంత్రాలు కెండ్రా వచ్చేదాకా వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎలా ఉందని మేసీ అడిగితే బాగుందంటుంది.

అందుకని, శనివారం మీరెవరైనా ఆ ట్రైలర్ల వైపు వెళ్తే ఒకసారి ఆ తలుపు తట్టండి. అంతదూరం వెళ్లలేకపోతే, మీ వీధిలోనే వేళ్లు వంగని పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. ఆవిడ డబ్బాల మూతలు ఎవరు తీస్తున్నారో అడిగి రండి. బాగున్నానంటే నమ్మకండి.