ఎడమ వరస బోన్లు

ఏడో బోనులో ఎలుక కూడా చచ్చి పడి ఉంది.

విశ్వాసమ్మ తలుపు తీసి, తోక పట్టుకుని పైకెత్తింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. నిన్న సాయంత్రం డాక్టరుగారు ఇంటికి వెళ్లేటప్పుడు అది మూల ముడుచుకుని, కళ్లు మూసుకుని, ప్రాణంతోనే ఉంది. ఎంత హాయిగా నిద్రపోతుందో చూడమని ఆయన మురిసిపోయాడు కూడా. ఆయన రావడానికి ఇంకా గంట ఉంది. ఈలోపల ఆమె చేయవలసిన పని ఒకటుంది. ఈ రెండు నెలల్లో పదిసార్లు చేసిన పనే.

రాజధాని వచ్చిందన్న పేరే గానీ, ఆ ఏడాది కర్నూల్లో సర్కారు ఆఫీసులు సగం గుడారాల్లోనే ఉన్నాయి. ఎలుకలకు మాత్రం కాలువ గట్టున చక్కని పెంకుటిల్లు దొరికింది. దాని పేరు మూలికల పరిశోధనశాల. వసకొమ్ములూ, నల్లమల కూలీలు కోసుకొచ్చిన గడ్డీ పెరట్లో బట్టీ మీద ఉడికించి, ఆవిరి పట్టి నూనె తీసేవారు. ఆ నూనె మూర్ఛ రోగానికి పనికొస్తుందా లేదా అని తేల్చడం డాక్టరుగారి పని. తెల్ల ఎలుక కడుపులోకి సూదితో నూనె ఎక్కించి, అరగంట తర్వాత దాని చెవులకు తీగలు తగిలించి కరెంటు పెట్టేవాడు. నూనె పడని ఎలుక వెనక కాళ్లు బారజాపి గిలగిల కొట్టుకునేది. నూనె పడ్డది చాలాసార్లు తట్టుకునేది. ఆ ఎలుకను కదలకుండా పట్టుకోవడం విశ్వాసమ్మ పని. కూలి రోజుకు పన్నెండణాలు. "పట్టుకో విశ్వాసమ్మా" అనడమే తడవు ఆమె చేతులు ముందుకు వెళ్లేవి. ఆ చేతుల నిండా ఎలుక పళ్ల గాట్లే.

ఆమెకు ముందు ఆ పని సోమక్క చేసేది. వరసగా మూడు ఎలుకలు చచ్చిపోయేసరికి, మేత సరిగ్గా పెట్టలేదని డాక్టరుగారు ఆమెను పనిలోంచి తీసేశాడు. అందుకే విశ్వాసమ్మ చేతిలో మొదటి ఎలుక చచ్చిన రోజు పాత నౌకరు నాగన్న ఆమెను పక్కకు పిలిచి ఉపాయం చెప్పాడు.

"ఎలుకలన్నీ తెల్లగానే ఉంటాయి కదమ్మా. పెద్ద బోనులోంచి ఇంకోటి తీసి ఈడ పెట్టు. సారు గుర్తుకు ఏసిన పసుప్పచ్చ మచ్చ ఎట్లుండాదో అట్లే పసుపుతో పెట్టు. ఆయప్ప మచ్చ సూస్తాడు గానీ మొకం సూస్తాడా? ఎండలకు మనుషులే సస్తాండారు, ఎలుకలెంత."

ఆమె నమ్మింది. ఎండలకే అనుకుంది. కొంగున పసుపు ముడి కట్టుకుని వచ్చేది. చచ్చిన దాన్ని కాలువ గట్టున పూడ్చి, బతికినదానికి మచ్చ పెట్టేది. డాక్టరుగారు వచ్చి, బోనులోకి తొంగి చూసి, రిజిస్టరులో ఏదో రాసుకునేవాడు.

ఈరోజు కూడా పసుపు ముడి విప్పింది. పెద్ద బోను వైపు నడుస్తూ ఎందుకో ఆగింది. ఎడమ వరస బోన్లు నూనె సూదులవి. కుడి వరసవి నూనె కలపని ఉత్త బంక నీళ్లు ఎక్కించినవి. రెండు వరసలకూ ఒకటే మేత, ఒకటే నీళ్లు, ఒకటే ఎండ. కుడి వరసలో తను ఒక్కసారైనా పసుపు పెట్టిందా? వేళ్లు మడిచి గుర్తు చేసుకుంది. పదకొండూ ఎడమవైపువే.

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఎందుకంటే ఈరోజు ఆ నూనె సూది ఎక్కేది ఆమె మొగుడు ఓబన్నకు.

ఓబన్న బేతంచెర్లలో నాపరాళ్లు కొట్టేవాడు. మూడేళ్ల కిందట గని అంచున మూర్ఛ వచ్చి పడ్డాడు. పక్కనున్న కూలీలు పంచె పట్టి లాగబట్టి బతికాడు. మర్నాటి నుంచి మేస్త్రీ పెద్ద ఈరన్న అతన్ని గని దగ్గరికే రానివ్వలేదు. ఊళ్లో పెద్దలు కణతల మీద ఇనుప కడ్డీతో వాత పెట్టించారు. చర్చిలో పాట మధ్యలో పడిపోతే, నురగ తగిలితే తమకూ అంటుకుంటుందని జనం చాపలు లాక్కుని దూరం జరిగారు. దేవుడి ఇంట్లో కూడా తన మొగుడి చుట్టూ అంత ఖాళీ చూసి విశ్వాసమ్మ ఆరోజు ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. పనిలో చేరిన మొదటి నెలలోనే ఆ నూనె మా ఆయనకు ఇమ్మని డాక్టరుగారి కాళ్లు పట్టుకున్నది ఆమే. "తొందరపడకు. ముందు ఎలుకల్లో చూద్దాం. మెదడు ఎలుకకైనా మనిషికైనా ఒకటే. వీటికి హాని లేదంటే అతనికీ లేదు" అన్నాడాయన.

హాని లేదని రిజిస్టరు చెప్పింది. రిజిస్టరు చేత ఆ మాట చెప్పించింది ఈ పసుపే.

పది గంటలకు ఓబన్న వచ్చాడు. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మూడేళ్లలో అతని ముఖం అంత తేటగా ఉండడం ఆమె చూడలేదు. అతని వెనకే డాక్టరుగారు వచ్చి సూది మరిగే నీళ్లలో వేయించాడు.

విశ్వాసమ్మ బల్ల దగ్గరికి వెళ్లింది. కొంగులోంచి ఎలుకను తీసి రిజిస్టరు పక్కన పెట్టింది.

"సారూ, ఇది ఏడో బోనుది. రాత్రి సచ్చిపోయినాది. ఇదొక్కటే కాదు సారూ, పదకొండు సచ్చినాయి. అన్నీ నూనెవే. నేనే మార్చి పెడ్తా వచ్చినాను, పసుపు మచ్చ పెట్టి."

డాక్టరుగారి ముఖం పాలిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"సోమక్కను తీసేసినారు కద సారూ."

ఆయన రిజిస్టరు తిరగేశాడు. మూసేశాడు. ఆ రెండు నెలల అంకెలతో రిపోర్టు పోయిన వారమే మద్రాసుకు వెళ్లిపోయింది. సోమవారం అక్కడి నుంచి పెద్ద అధికారులు చూడ్డానికి వస్తున్నారు. బాగుపడిన మనిషిని ఒకణ్ణి చూపిస్తానని ఆయన రాశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడు, నువ్వు చేసింది పెద్ద తప్పు. అయినా నేను ఎవరితోనూ అనను. ఎలుక వేరు, మనిషి వేరు. ఎలుక ఒళ్లెంత? దానికి ఎక్కువైన మోతాదు మనిషికి లెక్కే కాదు. ఇతనికి చాలా తక్కువ ఇస్తాను."

"మొదట్లో ఎలుకైనా మనిషైనా ఒకటే అంటిరి కద సారూ."

ఆయన నూనె సీసా అందుకున్నాడు. ఓబన్న కల్పించుకున్నాడు.

"ఏమే, నువ్వు ఊరకుండు. మూడేండ్లాయ, పెండ్లాం కూలి తింటా కూసున్నా. సారు సదువుకున్నోడు, ఆయప్పకు తెల్దా? పనికి పోతే సాలు నాకు. సస్తే సస్తా."

"నువ్వు సస్తావు. నన్నేం సేయమంటావు?"

ఓబన్న చూపు తిప్పుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని బల్ల మీద చాపాడు. డాక్టరుగారు సీసా మూత తీశాడు. వస వాసన గదంతా పరుచుకుంది. నూనె సూదిలోకి ఎక్కింది.

"కదిలితే సూది విరుగుతుంది. పట్టుకో విశ్వాసమ్మా" అన్నాడు.

ఎనిమిది నెలలుగా ఆ మాట వింటే ఆమె చేతులు తనను అడక్కుండానే ముందుకు వెళ్లేవి. ఈరోజు కూడా కొంచెం కదిలాయి. ఆమె వాటిని వెనక్కి లాక్కుని, చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. పసుపు అంటింది.

"పట్టుకోను సారూ."

"ఏమన్నావు?"

"పట్టుకోనంటాండాను. పనిలోంచి తీసేస్తే తీసెయ్యండి."

వాకిట్లో నాగన్న మరుగునీళ్ల గిన్నెతో నిలబడిపోయాడు. డాక్టరుగారు అతని వైపు చూశాడు. నాగన్న గిన్నె కింద పెట్టాడు గానీ లోపలికి రాలేదు.

బల్ల మీద సూదికీ, చచ్చిన ఎలుకకూ మధ్య ఓబన్న చెయ్యి చాపినది చాపినట్టే ఉంది. అతను సూది వైపు చూడడం లేదు. ఎలుక ఒంటి మీద ఉన్న చిన్న పసుపు మచ్చ వైపు చూస్తున్నాడు.