అగ్గువ ఊరు

ప్రియదర్శిని వంటింట్లో మిర్చి బజ్జీలు వేస్తుంటే, హాల్లో ఆమె భర్త రవీందర్ రెండూళ్లను తక్కెట్లో వేసి తూస్తున్నాడు. ఒక పళ్లెంలో జనగామ, ఇంకో పళ్లెంలో భూపాలపల్లి. నీటిపారుదల ఆఫీసులో అతనికి ప్రమోషన్ వచ్చింది. కానీ కుర్చీ భూపాలపల్లిలో ఉంది. పోవాలా వద్దా అని తేల్చుకోవడానికి స్నేహితుడు మహేందర్‌ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా పక్కన పడుకుంటున్న మనిషిని మాత్రం ఒక్కటే అడిగాడు, బజ్జీల మీదికి ఉల్లిగడ్డ సన్నగా తరిగినవా అని.

"జనగామంత అగ్గువ ఊరు ఇంకోటి లేదు మహేందరన్నా," అంటున్నాడు. "సొంతిల్లు. ఘన్‌పూర్ పొలంకెల్లి బియ్యమొస్తయి, కందులొస్తయి. బయట తినుడు లేదు, ఇస్త్రీ ఖర్చు లేదు, పనిమనిషి లేదు. గదే భూపాలపల్లి చూడు, అన్నీ పిరమే. బొగ్గుబాయి జీతాలు చూసి కొత్తిమీర అమ్మెటోడు గూడ రేటు పెంచుతడు. ఈడున్న క్వాలిటీ ఆఫ్ లైఫ్ ఆడ యాడుంటది?"

"మరి వదినెను గూడ తోలుకపోతె?" అన్నాడు మహేందర్.

"అగో! గప్పుడు ఆడ గూడ అగ్గువనే అయితది!"

రవీందర్ తన మాటకు తానే నవ్వాడు. మూలన మంచం మీద పత్తి వత్తులు చేసుకుంటున్న అతని తల్లి రాములమ్మ కూడా నవ్వింది. మహేందర్ పళ్లెంలోంచి ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

ప్రియదర్శినికి కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద ఏదో కాస్త ఆశ మిగిలి ఉండాలి. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ మానుకోటలో ఉండేవాళ్లు. ఆమె అక్కడి బడిలో లెక్కలు చెప్పేది. ఒకరోజు ఈ మనిషే ఎదురుగా కూర్చుని, "నీ జీతమంత ఆటోలకు, చీరెలకే పోతది. ఇంట్ల ఉంటెనే మనకు మిగుల్తది," అని తేల్చి ఆమెతో ఉద్యోగం మాన్పించాడు. తన ప్యాంట్లు, తన బండి పెట్రోలు, తన సిగరెట్లు ఆ లెక్కలోకి రాలేదు. లెక్కల టీచరై ఉండి ఆ చిన్న తప్పును ఆరోజు పట్టుకోలేకపోయినందుకు ఆమె చాలాకాలం తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత అతనికి జనగామ బదిలీ అయింది. పొలం నుంచి వచ్చిన బియ్యంలో రాళ్లేరింది, కందులు విసిరింది, గంజి పెట్టి అంగీలు ఇస్త్రీ చేసింది, అత్త మోకాళ్లకు నూనె రాసింది. కొడుకు అరుణ్‌కు పదో తరగతి దాకా తనే చెప్పింది, ట్యూషన్ ఖర్చు తప్పిందని తండ్రి బజారంతా చెప్పుకున్నాడు. ఇప్పుడా పిల్లవాడు హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాడు. మీ మిసెస్ ఏం చేస్తరని ఆఫీసువాళ్లు అడిగితే మాత్రం రవీందర్ జవాబు మారలేదు. "ఏం లేదు సార్, ఖాళీగనే ఉంటది."

చివరికి రవీందర్ ఒక్కడే పోయాడు. "నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి పోతరా?" అని రాములమ్మ అడ్డంపడటంతో, కోడలు జనగామలోనే ఉండాలని తల్లీకొడుకులు కలిసి నిర్ణయించారు.

పోయిన రోజునుంచే ఫోన్లు మొదలయ్యాయి.

"గిదేం ఊరే ఇది? పొద్దున తొడిగిన అంగీ పొద్దుమూకెటాల్లకు నల్లగైతది. ఇస్త్రీకే సగం జీతం పోయేటట్టున్నది. మెస్సుల పప్పు సూడాలె నువ్వు, నీళ్లు. ఇల్లూడ్శెటామె వేరే, బట్టలుతికెటామె వేరే. అన్నిటికి పైసలే!"

ప్రియదర్శిని ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పిండి పిసుకుతూ వినేది. ఊ కొట్టేది. ఒక ఫోన్లో ఇస్త్రీ ధర తెలిసేది, ఇంకో ఫోన్లో చపాతీ ధర. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె పనికి అతను ధర కడుతున్నాడు. కడుతున్నానని అతనికి తెలియదు. తెలిస్తే అక్కడా బేరం ఆడేవాడు.

ఓ శనివారం, జ్వరంతో లేవలేకపోతున్నానని ఫోన్ చేశాడు. ఆమె హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరింది. తీరా చూస్తే జలుబు. రవీందర్ ముక్కు తుడుచుకుంటూ, మాఫీ చేయని అప్పులా మంచం నిండా పరుచుకుని ఉన్నాడు. సింకు నిండా గిన్నెలు, కుర్చీ నిండా తడి తువ్వాళ్లు.

ఆమె మార్కెట్‌కు వెళ్లింది. టమాటా జనగామ ధరే. వంకాయ ఇంకాస్త తక్కువ. బొగ్గు లారీలు పోతుంటే లేచే నల్లటి దుమ్ములో నిలబడి ఆమె ఒక్కతే నవ్వుకుంది. ఊరి తప్పేం లేదు, పాపం.

తిరిగి వచ్చేసరికి ఇల్లూడ్చే కొమురవ్వ వాకిట్లో నీళ్లు చల్లుతోంది.

"నువ్వేనా అమ్మా సారు పెండ్లాంవి? ఏమనుకోకు గని, మీ సారుతోని పరేషాన్. నీళ్లు కాగబెట్టమంటడు, అంగీ తీసి మంచం మీద పెట్టమంటడు, సాయ కలుపమంటడు. నాతోని కాదు సారూ, నేను ఊడ్సుటానికి ఒప్పుకున్న, ఊడ్సిపోత అని చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు? ఆయినెనే కాగబెట్టుకున్నడు."

కొమురవ్వ చీపురు పక్కన పెట్టి వెళ్లిపోయింది. ప్రియదర్శిని గడపలోనే చాలాసేపు నిలబడింది. నాతో కాదు అనడం ఇంత సులువా? అన్న తర్వాత కూడా ఆకాశం ఉన్నచోటే ఉంటుందా? ఆయన లేచి నీళ్లు కాచుకుంటాడా?

మిరియాల చారు పెడితే రవీందర్ రెండు పళ్లేలు తిని తేన్చాడు. "ఇప్పుడు జర బతికినట్టున్నది," అన్నాడు. "నేను తేల్చుకున్ననే. ప్రమోషన్ వద్దని రాసిస్త. ఈ ఊరు మనకు పడది. జనగామే బెస్ట్."

తిరుగు బస్సులో ఆమె గ్రేస్‌కు ఫోన్ చేసింది. మానుకోట బడి స్టాఫ్‌రూములో ఇద్దరూ ఒకే బల్ల పంచుకున్నవాళ్లు. గ్రేస్ ఇప్పుడు అక్కడే ఒక ఆడపిల్లల కాలేజీకి ప్రిన్సిపాల్. ఎండాకాలం నుంచి ఆమె పిలుస్తూనే ఉంది, ప్రియదర్శిని చూద్దామంటూనే ఉంది.

"లెక్కల మేడం దొరికిందా?" అని అడిగింది ప్రియదర్శిని.

"యాడ దొరుకుతది ప్రియా? పిల్లలు ఆగమైతుండ్రు."

"ఎన్నడు రావాలె?"

అవతల గ్రేస్ "సోమారం రా," అంది, ప్రియ మళ్లీ వెనక్కి తగ్గుతుందేమోనన్నంత తొందరగా.

తర్వాతి నెలలో రవీందర్ పాత కుర్చీలోకి వచ్చేశాడు. యుద్ధం గెలిచినవాడిలా ఇంట్లో అడుగుపెట్టి, మాసిన బట్టల సంచులు రెండూ తెచ్చి ఆమె కాళ్ల దగ్గర దించాడు. అప్పుడు చూశాడు, గోడకు ఆనించి ఉన్న ఆమె సూట్‌కేసును.

"యాడికి?"

"మానుకోటకు. కాలేజీల చేరిన. పోయిన నెలనుంచి పోతున్న, ఐతారం ఐతారం వస్తున్న. మీరు అడగలే, అత్తమ్మ చెప్పలే."

రవీందర్ తల్లివైపు చూశాడు. రాములమ్మ చూపు తిప్పుకుంది. చెబితే కొడుకు ఉద్యోగం వదిలి పరుగెత్తుకొస్తాడని ఆమె భయపడింది. వండిపెట్టడానికి పక్కింటి పిల్ల వస్తోంది, ముసలమ్మ ఆ నెలంతా హాయిగానే ఉంది.

"ఎవల్నడిగి చేరినవ్?"

"ఎవల్ని అడగలేదు."

"మరి నేనొచ్చిన గద! ఇంటి పనెట్ల?"

"మనిషిని పెట్టుకోండ్రి. రేట్లన్నీ మీకు ఎర్కనే గద."

అతని ముఖం ఎర్రబడింది. వెంటనే తెలివి తెచ్చుకుని, తనకు బాగా వచ్చిన విద్య బయటికి తీశాడు. "పిచ్చిదానా, నీకొచ్చే జీతమెంత? ఆడ కిరాయెంత, పాలెంత, కూరగాయలెంత? ఏమన్న తెలుసుకున్నవా? ఆ ఊరు పిరమో అగ్గువనో ఎవలనన్న అడిగినవా?"

ప్రియదర్శిని చెప్పులు వేసుకుని, సంచులు దాటి, సూట్‌కేసు అందుకుంది.

"మా పిల్లలకు రేపు పరీక్ష ఉన్నది. నేను పోవాలె," అంది.