నిమ్మచెట్టు కోటు

చలికాలం పోతోందని నాకు మొదట చెప్పేది మా డాబా మీది పిట్టగోడ నీడ. చలి రోజుల్లో అది పాలకూర తొట్ల మీద పడుకుని మధ్యాహ్నమైనా లేవదు. తర్వాత రోజుకు కాస్త చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది. తొట్లను వదిలి గోడ మొదట్లోకి చేరిందంటే, ఆ వారమంతా నేను ఆఫీసుకు ఆలస్యమే. కొత్తిమీర మొలకలు మట్టిపెళ్ళను నెత్తిన ఎత్తుకుని లేస్తుంటాయి. గులాబీ కొమ్మ మీద ఎర్రటి చిగురు పొటమరిస్తుంటుంది. వాటిని పలకరించకుండా మెట్లు దిగడం నావల్ల కాదు. మొక్కల దగ్గర నాకు అనుమానాలు తక్కువ. మట్టి రెండు వేళ్ళతో నలిపితే చాలు, నీళ్ళు అడుగుతోందో లేదో తెలిసిపోతుంది. నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాను గానీ, అక్కడ కూడా నాకు అంత ధీమా ఉండదు.

ఈసారి నీడ వెనక్కి జరిగినా, డాబా మీది పెద్ద తొట్టిలో మా నిమ్మచెట్టు మాత్రం ఇంకా కోటు విప్పలేదు.

కోటంటే నిజంగా కోటే. కుట్టింది మా నాన్న.

నాన్న టైలరు. సూట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. మిషను ఇంటికొచ్చి ముందుగదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. దాని పక్కన నాన్న, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెయ్యవే. మనిషి ఇంట్లోనే ఉన్నా లేనట్టుంది" అనేది. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. దాంతో కుళాయి కారినా, మనిషి దిగులుపడినా అమ్మ నా మొహమే చూస్తుంది.

నేనేమీ చెయ్యలేదు. చేసింది దుప్పటే. చలి ముదిరాక రోజూ సాయంత్రం నిమ్మచెట్టుకు పాత దుప్పటి కప్పి, పొద్దున తీసేదాన్ని. ఒకరోజు అది గాలికి ఎగిరి పక్క డాబా మీద పడింది. పక్కింటి డ్రైవరు బాబాయ్ దాన్ని మడత పెట్టి తెచ్చి, "అన్నా, మీ దుప్పటికి మా డాబానే నచ్చినట్టుంది" అని నాన్న చేతిలో పెట్టాడు. నాన్నకు ఎక్కడో తగిలింది. నాతో పాటు పైకొచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"దుప్పటి కప్పడమేంటి తల్లీ, టైలరు ఇంట్లో పుట్టి? కొలత లేని గుడ్డ ఒంటి మీద నిలుస్తుందా?"

టేపు మెడలో వేసుకున్నాడు. ఎన్ని నెలలయిందో ఆ టేపు ఆయన మెడలో చూసి. తెల్లటి పల్చటి లైనింగు గుడ్డతో, వెలుతురు లోపలికి దిగేలా, కొమ్మకొమ్మకూ అమర్చి కోటు కుట్టాడు. బొత్తాలు పెడితే సందుల్లోంచి చలి దూరుతుందని, పక్క కుట్టు చెట్టు మీదే చేత్తో వేసి మూసేశాడు. దగ్గర దగ్గరగా, పెళ్ళికొడుకు సూటుకు వేసినంత శ్రద్ధగా. తర్వాత గులాబీకి ఒకటి, మిరపకు ఒకటి. బాబాయ్ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, "ఏంటన్నా, వీటికి సంబంధాలు గానీ చూస్తున్నావా?" అన్నాడు.

"నీకున్న ఒక్క చొక్కా కంటే వీటి కోట్లే బావున్నాయి" అన్నాడు నాన్న.

ఆ రోజు నాన్న రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. అమ్మ నావైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

అందుకే, చలి తగ్గాక ఆ కోటు విప్పమనడానికి నాకు నోరు రాలేదు. గులాబీ కోటు, మిరప కోటు తీయడానికి ఒప్పుకున్నాడు. నిమ్మ దగ్గరికొచ్చేసరికి, "దీనిది సున్నితమైన ఒళ్ళు. ఇంకొన్నాళ్ళు ఉండనీ" అన్నాడు. ఆ కోటు పోతే తనకింక పని ఉండదని ఆయన భయం. పైకి అనలేదు గానీ, రోజూ మెట్లెక్కి కుట్టు తడిమి చూసి దిగేవాడు.

చెట్టు తెచ్చి ఏళ్ళు గడిచినా ఒక్క పువ్వూ పూయలేదు. ఈసారి పూస్తుందని నాకు గట్టి నమ్మకం. కిందటి వానాకాలం కాండం లావెక్కిన తీరు చూసే అనుకున్నాను. కానీ ఒక ఆదివారం ఉదయం చూస్తే కోటు బిగుసుకుపోయి ఉంది. పైభాగాన గుడ్డ లోపలినుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు ఉబ్బింది. ఇంక ఊరుకుంటే మొగ్గ లోపలే నలిగిపోతుంది. విప్పితే నాన్న మళ్ళీ ఆ కుర్చీ అంచుకు చేరతాడు. అయినా కిందికి వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను.

"నాన్నా, ఈరోజు దీని కోటు తీసేద్దాం."

"ఎందుకు? నా కుట్టు ఎక్కడైనా ఊడిందా?"

"ఊడలేదు. అదే ఇబ్బంది."

"అంటే?"

"నువ్వే చూడు." ఆయన చెయ్యి తీసుకుని ఆ ఉబ్బు మీద పెట్టాను.

గుడ్డ కింద ఏముందో నాన్న వేళ్ళకు చెప్పనక్కర్లేదు. భుజం ఎక్కడ బిగిసిందో, చంక ఎక్కడ పట్టేసిందో చీకట్లోనైనా చెప్పగలడు. వేళ్ళు మెల్లగా కిందికి జరిపాడు, ఒకచోట ఆపాడు.

"వంగిపోయి ఉందమ్మా లోపల."

"కొత్త చిగురు నాన్నా. పైకి దారి లేక."

"చలికి ముడుచుకున్నప్పుడు కొలత తీశాను" అన్నాడు. "అప్పుడు సరిగ్గా సరిపోయింది. ఫిట్టింగు కుదిరిందని మురిసిపోయా. ఎదిగే ఒళ్ళని తట్టనేలేదు. చిన్నపిల్లలకి కుట్టేటప్పుడు లోపల ఎంత మడత వదిలేవాణ్ణి నేను."

జేబులోంచి బ్లేడు తీసి ఆయనే కుట్లు విప్పాడు. గుడ్డకు గానీ ఆకుకు గానీ గాటు పడలేదు. కోటు జారిపోయాక చూస్తే ఒక చిగురు పాలిపోయి కొక్కెంలా వంకర తిరిగి ఉంది. దాని పక్కన నాలుగైదు మొగ్గలు నలిగి రాలిపోయాయి. మిగతా కొమ్మల మీద మాత్రం ఊదారంగు మొగ్గలు గుత్తులుగా ఉన్నాయి. నాకు సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది. నాన్న మొహం చూసి ఊరుకున్నాను. ఆయన రాలిన మొగ్గలను అరచేతిలోకి ఏరుకుని, కోటు భుజాన వేసుకుని దిగిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. "ఆకల్లేదట" అంది అమ్మ, నన్ను తప్పు పడుతున్నట్టు. "నువ్వేమన్నావ్ ఆయన్ని?"

"ఉన్నదే చెప్పానమ్మా. చెట్టు దగ్గర అబద్ధం చెప్తే చెట్టు ఒప్పుకోదు."

"మీ నాన్న దగ్గర చెప్పొచ్చుగా."

"నాన్న టైలరమ్మా. కుట్టింది పట్టేస్తుంటే ఆయనకి చెప్పకుండా ఎవరికి చెప్తాం?"

అన్నానే గానీ, నేనూ సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

సాయంత్రానికి గాలి మారింది. పోయిందనుకున్న చలి ఉత్తరపు మబ్బుతో పాటు వెనక్కొచ్చింది. కోటు లేని మొగ్గలు ఈ చలికి నిలవవు. నేను బీరువాలో దుప్పటి వెతుకుతుంటే ముందుగదిలోంచి మిషను చప్పుడు వినపడింది. ఆగి, తిరిగి మొదలైంది. వెళ్ళి చూశాను. నాన్న కోటును రెండుగా చీల్చి, మధ్యలో వెడల్పాటి గుడ్డ వేసి కలుపుతున్నాడు. అంచున వరసగా హుక్కులు.

"కొమ్మ ఎంత దూరం పోతుందో చెప్పు" అన్నాడు తలెత్తకుండా.

"ఈ వసంతానికా, ఎండాకాలానికా?"

"అన్నిటికీ చెప్పు. వదులు ఎంత పెట్టాలో నేను చూసుకుంటా."

చేతులు చాచి చూపించాను. ఆయన టేపుతో నా చేతులే కొలిచాడు.

చీకటి పడేలోపు ఇద్దరం పైకెళ్ళి కొత్త కోటు తొడిగాం. తొట్టిలో గుచ్చిన కర్రల మీద, చెట్టుకు తగలకుండా చుట్టూ గుడారంలా నిలబడింది. పొద్దున ఎండ రాగానే నాన్నే హుక్కులు తీశాడు. మొగ్గలు చెక్కుచెదరలేదు. ఆ వారం చలి ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వెయ్యడం, పొద్దున తియ్యడం ఆయన పనే అయింది. నేను పైకెళ్ళేసరికి కోటు మడతపెట్టి ఉండేది.

నిమ్మ పూసిన రోజున ఆ వాసనకు బాబాయ్ నిద్రకళ్ళతోనే పిట్టగోడ దగ్గరికొచ్చాడు. తేనెటీగలు అప్పటికే పనిలో ఉన్నాయి. ఆయన చెట్టు పక్కనే ఉన్న నాన్నను పిలిచాడు.

"అన్నా, మా ఆవిడ టమాటా నారు పోసింది. ఎండ ముదిరితే మాడిపోతుందేమోనని దిగులు. నీడకి ఏదైనా కుట్టి పెడతావా?"

"నిన్నటిదాకా ఎగతాళి చేశావుగా?"

"ఎగతాళి వేరు, అవసరం వేరు."

నాన్న టేపు మెడలో వేసుకుని పిట్టగోడ మీదినుంచి వంగి నారు వైపు చూశాడు. మొక్కలు ఇంకా వేలెడెత్తే ఉన్నాయి. కొలత తియ్యలేదు. నావైపు తిరిగాడు.

"ఇవి ఎంత ఎదుగుతాయి తల్లీ?"

"నీ ఛాతీ దాకా."

"అయితే గుడ్డ చాలా పడుతుంది" అంటూ నాన్న మెట్లు దిగాడు. పనున్న మనిషి నడకే అది.