ఆగిపోయిన పోటు

ఆటు పడి సముద్రం వెనక్కి తగ్గగానే ట్రాక్టర్లు నీళ్ల వెంబడే దిగుతాయి. ఐర్లండ్‌లో, లౌత్‌లో మా వైపు ఉన్నదల్లా వెనక గొర్రెల కొండ, ముందు సముద్రపాయ, మధ్యన ఇంత నేల. డబ్లిన్ రోడ్డు కుర్రాళ్లని పట్టుకుపోగా మిగిలినవాళ్లం ఆల్చిప్పలు పెంచి బతుకుతాం. ఇసుకలో వరసగా ఇనుప బల్లలు, వాటిమీద చిప్పల సంచులు. పోటు వచ్చేలోగా ప్రతి సంచీ కుదిపి తిరగెయ్యాలి.

బ్రోనా ఇద్దరి పని ఒక్కతే చేసేది. మొగుడు కొలమ్ స్కాట్లండ్ చేపల పడవల మీదికి వెళ్లాడు, మూడేళ్లుగా ఉలుకూ పలుకూ లేదు. చచ్చాడనుకోవడానికీ వీల్లేదు. మా ఊరివాళ్లు ఎక్కడ చనిపోయినా సరే, మట్టి చేసేదాకా మా ఒడ్డుకి పోటు రాదు. కొలమ్ కోసం అది ఒక్కపూటా ఆగలేదు. అంటే ఎక్కడో ఏ ఆడదాని వంటో తింటూ దర్జాగా ఉన్నాడని ఊరు తేల్చేసింది. బ్రోనా ఏడవలేదు, తిట్టలేదు, మొద్దుబారిపోయింది. ఫిబ్రవరి నీళ్లలో తొడుగుల్లేని చేతులతో పనిచేసేది. అతని రబ్బరు బూట్లు మాత్రం గుమ్మం పక్కనే ఉండేవి.

మార్చిలో ఒకరోజు వెళ్లిన నీళ్లు తిరిగి రాలేదు. పాయకి అవతలి ఒడ్డు వేరే దేశం, అక్కడ మామూలుగానే పొంగుతున్నాయి. అందరూ ముందుగా మంచంపట్టిన ముసలి ప్యాట్సీ ఇంటికి పరిగెత్తారు.

"బతికే ఉన్నాన్రా! మొహాలు అలా వేలాడేశారేం? టీ తాగి పొండి," అన్నాడు ప్యాట్సీ.

ఊళ్లో అందరూ బతికే ఉన్నారు, డబ్లిన్ వెళ్లినవాళ్లూ ఫోన్లో పలికారు; పలకనిది కొలమ్ ఒక్కడే. సాయంత్రానికి చావింటికి తెచ్చినట్టు రొట్టెముక్కల పళ్లేలు పట్టుకుని జనం బ్రోనా ఇంటికి వచ్చారు. ఆమె పక్క బల్లలు చూసుకునే మాలకీ టోపీ తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీకొచ్చిన కష్టానికి విచారంగా ఉందమ్మాయ్."

"శవం లేదుగా, మాలకీ."

"లేదు."

నీళ్లు లేక చిప్పలు నోళ్లు తెరుస్తున్నాయని అతను అనలేదు. ఊరంతటి కష్టం ఆ బల్లల మీద ఎండిపోతోంది. అయినా మట్టి చెయ్యమని ఎవరూ ఆమెని అడగలేదు.

"మట్టి చేస్తే ఇంక రాడు," అంది బ్రోనా.

"రాడమ్మాయ్."

మర్నాడు ఆమె కొలమ్ బూట్లని శవపెట్టెలో పెట్టించింది. మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ, నిజంగా బరువున్నట్టే మోశారు. మట్టి వేశాక బ్రోనా నల్లబట్టల్లోనే తన సంచుల దగ్గరికి నడిచింది. మాలకీ వెనకాలే ట్రాక్టర్ తెచ్చాడు.

"ఎక్కు తల్లీ, నీళ్లొస్తున్నాయి."

ఆమె కదల్లేదు. నీళ్లు బల్లల కిందుగా వచ్చి చీలమండలు దాటాయి.

"చలేస్తోంది, మాలకీ," అంది ఆశ్చర్యంగా.

మూడేళ్లలో ఆమెకి చలెయ్యడం అదే మొదలు. నిలబడ్డచోటే భోరుమంది.