కత్తుల రాణి అర్థం

లైవ్ మొదలయ్యేలోపు కుక్కర్ దించేయాలి. మధ్యలో విజిల్ వస్తే మా ఆయన వేణుమాధవ్ మొహం మాడిపోతుంది. పప్పు ఉడికిందో లేదో చూడకుండానే స్టవ్ ఆపేసి, ఆయన కుర్తా ఇస్త్రీ చేసి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. శాలిబండ సందులో ఆటోల హారన్లు దుప్పటికి ఆగవు. ఆ తప్పు కూడా నాదే అవుతుంది.

ఆయనకు ఆన్‌లైన్లో టారో ఛానల్ ఉంది. చార్మినార్ దగ్గరి గాజుల దుకాణం తమ్ముడికి వదిలేసి, రెండేళ్లుగా కెమెరా ముందు ఆ బొమ్మల కార్డులు చూపించి భవిష్యత్తు చెబుతున్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి, ఒక్కో కార్డు అర్థం తెలుగులో రాసిచ్చేది నేను. "ఎంత లోతుగా చెప్పారన్నా" అని కింద కామెంట్లు ఆయనకొస్తాయి. ఒకసారి, "నా పేరు గూడ చెప్పుండ్రి" అన్నాను. "ఇంట్ల కూసోని రెండు ముక్కలు రాస్తె పేరెందుకు రాజీ?" అని నవ్వాడు. అత్తయ్య నాగమణమ్మ కూడా నవ్వింది. నవ్వడం అయ్యాక ఇద్దరికీ చాయ్ పెట్టింది నేనే.

ఈ వారం కార్డు కత్తుల రాణి. ఫోన్ చేసినవాళ్లందరికీ ఆ కార్డుతోనే జవాబు. నాకు ఇష్టమైన బొమ్మ అది. కుడిచేతిలో నిటారుగా కత్తి, ముందుకు చాచిన ఎడమచెయ్యి, మేఘాల పైన ఒంటరిగా సింహాసనం. దుఃఖం చూసిన మనిషి, అందుకే మాయమాటలకు లొంగదు, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది, అయినా ఎదుటివాళ్లకు చెయ్యందిస్తుంది అని రాశాను. ఆయన చదివి మొత్తం కొట్టేశాడు.

"ఏందిది? గిట్ల చెప్తే ఎవరు చూస్తరు? నోటి దురుసు ఆడమనిషి, ఇంట్ల లొల్లి, జర జాగ్రత్త. గంతే."

"అర్థం గది కాదు."

"నాకు నేర్పుతవా?"

నోటి దురుసు. పనికి ఎవరినైనా పెట్టుకుందామంటే ఆ మాటే. నేనూ ఏదైనా స్కూల్లో పాఠాలు చెబుతానంటే ఆ మాటే. ఏళ్ల తరబడి నా మీద వాడిన మాటను ఇప్పుడు ఆ రాణి మీదా వేశాడు. రాసింది నేనే అయినా చెయ్యెత్తి ఆపలేకపోయాను. లైవ్ మొదలైంది, కెమెరా ఫోను పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

జల్‌పల్లి నుంచి స్రవ్య అనే అమ్మాయి లైన్లోకి వచ్చింది.

"అన్నా, నాకు ల్యాబ్‌ల నౌకరి వచ్చింది. అత్తగారింట్ల వద్దంటున్నరు. చేరాల్నా, వద్దా?"

ఆయన కార్డు పైకెత్తి చూపించాడు. "చూసినవా చెల్లె, కత్తి! నీ నోరే నీకు శత్రువు. నౌకరి పక్కకు పెట్టి ఇంట్లోల్లు చెప్పినట్టు ఇను."

"నేనేమన్లేదన్నా... ఉత్తగ అడిగిన." మళ్లీ తనే, "సరే అన్నా" అంది.

ఆ 'సరే' నాకు తెలుసు. గొంతులోంచి కాదు, గొంతు నొక్కుకుంటే వస్తుంది అది.

"స్రవ్యా, ఆ కార్డుకు అర్థం గది కాదమ్మా," అన్నాను.

ఆయన బిగుసుకుపోయాడు. నేను ఆగలేదు. "ఆ రాణిది దురుసు కాదు, సోయి, ఉన్నదున్నట్టు చూసే తెలివి. చేరుమనీ, వద్దనీ కార్డు చెప్పదు. నీకేమనిపిస్తుందో నువ్వు చెప్పు."

"చేరాల్ననే ఉందక్కా." అమ్మాయి గొంతు తేరుకుంది. "మీరెవరు?"

"ఈ అర్థాలు రాసేది నేనే. నా పేరు రాజరాజేశ్వరి."

ఆయన ఫోను లాక్కుని లైవ్ ఆపేశాడు. "పిచ్చి లేసిందా నీకు? అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్!" అని అరిచాడు. అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "మొగని కాళ్లు పట్టుకో, తప్పయిందను," అంది. నేను పట్టుకోలేదు. ఏడుపు కూడా రాలేదు. ఎప్పుడూ వచ్చేది, ఈసారి ఎందుకు రాలేదా అని నాకే వింతగా ఉంది.

సాయంత్రానికి ఆయన కోపం దిగింది. దిగక తప్పదు, అర్థాలు రాసే మనిషి ఇంకొకరు లేరు.

"అయిందేదో అయింది. వచ్చే వారం కార్డు రాసియ్యి," అన్నాడు, నా వైపు చూడకుండా.

"రాస్త," అన్నాను. "చదివేది గూడ నేనే. ఫోను మీరు పట్టుకోండ్రి."