నో రైస్ అనని నాగవేణి

నాగవేణికి ఇంగ్లీషులో ఉన్న చిక్కు ఒక్కటే. అన్నం లేదు అనే మాట ఆమె నోటంట రాదు.

గుణదలలో తన వరండాలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే వెంకటసుబ్బారావు మాస్టారికి హోటల్ ఉద్యోగం కోసం ఆమె రెండు నెలలుగా శిష్యురాలు. లెక్కపెట్టగలిగే పూరీలకు మెనీ, లెక్కపెట్టలేని సాంబారుకు మచ్ అని చిటికెలో పట్టేసింది. ఖాళీ గిన్నె చూపించి "ఈజ్ దేర్ ఎనీ రైస్?" అని అడిగితే మాత్రం నోరు కుట్టేసుకునేది.

"నో రైస్ అనమ్మా."

"అన్నం గిన్నె ముందు ఆ మాటేంటి మాస్టారూ. నిండుకుందనాలి గానీ. మా అత్తగారు వింటే చీపురు తిరగేస్తారు."

"హోటల్లో మీ అత్తగారుండరుగా."

"లక్ష్మీదేవి ఉంటుంది కదండీ."

మాస్టారు ఖాళీ గిన్నె పక్కన పెట్టేశారు. పోయిన భార్య రాజ్యలక్ష్మి కూడా అలాగే అనేది. ఇప్పటికీ కిరాణా కొట్లో ఆయన "ఉప్పు నిండుకుందయ్యా" అనే అడుగుతారు. అన్నప్పుడల్లా ఇంట్లో ఇంకొకరున్నట్టు ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం బందరు రోడ్డులోని ఒక హోటల్లో నాగవేణికి పరీక్ష. భోజనాల వేళ అతిథులతో ఇంగ్లీషులో మాట్లాడి మెప్పిస్తే ఉద్యోగం. లేకపోతే పామర్రులో అత్తగారి చీరల కొట్లో, ఆవిడ కళ్లెదుట, పొద్దస్తమానం మడతలు పెట్టడమే. "మీరు కనబడుతుంటే ధైర్యంగా ఉంటుంది మాస్టారూ" అంటే ఆయన వెళ్లి ఓ మూల కాఫీ తెప్పించుకుని కూర్చున్నారు. మేనేజరు హన్నా నోటుబుక్కు పట్టుకుని నిలబడింది.

అన్నం అప్పుడే అయిపోయింది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన ప్లేటు చాపి "ఎనీ రైస్?" అన్నాడు.

మాస్టారు మూల నుంచి నో, నో అని పెదాలు కదిపారు. తలనెరిసిన సర్వరొకడు, కాఫీ వద్దంటున్నారనుకుని, కప్పు తీసుకుపోయాడు.

"రైస్ ఈజ్ ఫుల్, సర్" అంది నాగవేణి.

ఆయన సంబరంగా గిన్నెలోకి తొంగిచూశాడు. గరిటె తప్ప ఏమీ కనబడలేదు.

"ఫుల్?"

"వెరీ ఫుల్, సర్."

హన్నా కలం ఆగిపోయింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

నాగవేణి ఢిల్లీ ఆయన మొహంలో ఆకలి చూసింది. "ఎ లిటిల్ టైమ్, సర్. మెనీ పూరీస్ నౌ" అంటూ నాలుగు పూరీలు వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెడితే అయిదోది వేళ్ల సందున జార్చింది. పొగలు కక్కుతూ అన్నం వచ్చేసరికి ఆయన పొట్ట పట్టుకుని, "నో రైస్, ప్లీజ్" అన్నాడు.

నాగవేణి ఉలిక్కిపడింది. "అలా అనకూడదండీ" అని తెలుగులోనే మందలించి రెండు గరిటెలు వడ్డించింది. ఆయన బుద్ధిగా తిన్నాడు.

హన్నా నోటుబుక్కు మూసేసింది. "మాది చర్చికెళ్లే ఇల్లమ్మా. అయినా మా అమ్మ కూడా నిండుకుందనే అనేది. సోమవారం వచ్చి చేరు."

మాస్టారికి అప్పుడు కాఫీ గుర్తొచ్చింది. "ఇంకో కాఫీ దొరుకుతుందాండీ?"

తలనెరిసిన సర్వరు నాగవేణి వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నిండుకుందండీ."